వారానికి అరకిలో చాలు

షాదీ తేదీ ఖాయం కాగానే మన ఇళ్లలో మొదట బంగారం లెక్క, ఆ తరవాత ఫంక్షన్ హాలు కోసం తిరుగుడు. ఈమధ్య వాటికి తోడు మరొకటి వచ్చి చేరింది. పెళ్లికూతురి బరువు! పిల్లను చూడవచ్చిన ఖాలాలు, ఫుప్పీలు చాయ్ తాగుతూ, 'అమ్మాయి కాస్త బొద్దుగా ఉంది, నిఖా నాటికి తగ్గుతుందిలే' అని నవ్వుతూ ఒక మాట అనేసి వెళతారు. ఆ మాట ఆ పిల్ల నోటి దగ్గర కూడు లాగేస్తుంది.

మేము ఎరిగిన ఒక కుటుంబంలో ఇదే జరిగింది. పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం కీరదోస ముక్కలు, రాత్రికి ఒక ఉడికించిన గుడ్డు. నెలన్నరలో పది కిలోలు తగ్గిందని చుట్టాలంతా మెచ్చుకున్నారు. వలీమా నాడు ఆ అమ్మాయి వేదిక మీదే కళ్లు తిరిగి పడిపోయింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. కొన్ని నెలలకు కడుపు నొప్పితో ఆసుపత్రికి వెళితే పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. ఏడాది తిరిగేసరికి పోయిన పది కిలోలూ మరో మూడు కిలోలను వెంటబెట్టుకొని వచ్చాయి.

బరువు తగ్గవద్దని మేము అనడం లేదు. అధిక బరువుకు మధుమేహం, రక్తపోటు తోడవుతున్న ఇళ్లు మన బస్తీల్లో ఎన్ని ఉన్నాయో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని మన దేశపు వైద్యులు చెబుతున్నారు. తగ్గవలసిన వారు తగ్గాలి. మా అభ్యంతరమంతా ఆ తొందర మీదనే.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార సూచనలు వెలువరించింది. వారానికి అరకిలో తగ్గడం క్షేమకరమనీ, ఎంత తగ్గాలనుకున్నా రోజుకు వెయ్యి కేలరీలకు లోపు తినరాదనీ అందులో ఉంది. వారానికి కిలో వరకు ఫరవాలేదనే వైద్యులూ ఉన్నారు. అంతకు మించి పరుగెత్తితే ఏమవుతుంది? మొదటి వారం తూకంలో కనిపించే తగ్గుదలలో చాలా భాగం నీరే. ఆ తరవాత కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కండ తగ్గితే శరీరం ఖర్చుపెట్టే శక్తీ తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే బరువు తిరిగి వచ్చేది ఇందుకే. పిత్తాశయంలో రాళ్లు పడటానికి కూడా వేగంగా బరువు తగ్గడం ఒక కారణమని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు.

అరకిలో అంటే తక్కువేమో అనిపించవచ్చు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. వారానికి అరకిలో తగ్గాలంటే రోజుకు దాదాపు 550 కేలరీలు మిగల్చాలి. ఇది అసాధ్యమేమీ కాదు. రెండు చెంచాల చక్కెరతో రోజుకు ఐదు కప్పుల చాయ్ తాగే వారు చక్కెర మానేస్తే దాదాపు 200 కేలరీలు అక్కడే మిగులుతాయి. సాలన్‌లో తమ వంతుకు వచ్చే నూనెలో ఒక పెద్ద చెంచా తగ్గిస్తే మరో 120. మిగిలినది ముప్పావు గంట నడకలోనూ, పళ్లెంలో ఒక గరిటె అన్నం తగ్గించి పప్పూ కూరా పెంచడంలోనూ వస్తుంది. బిర్యానీ మానవలసిన పని లేదు, రెండోసారి వడ్డించుకోకుంటే చాలు. కొంచెమే అయినా నిలకడగా చేసే పని మేలని ప్రవక్త (స) బోధించిన సంగతి మనకు తెలుసు. ఇబాదత్‌లో పాటించే ఆ నిలకడను తిండి దగ్గర ఎందుకు మరచిపోతున్నాం?

నడక మాటకు వస్తే, మగవారు ఫజర్ నమాజు ముగించుకొని అటునుంచి అటే నాలుగు వీధులు తిరిగి వస్తారు. ఆడవారికి ఆ వేళ పొయ్యి దగ్గర పని, పిల్లల టిఫిన్ డబ్బాలు. తగ్గమని చెప్పేది ఆడపిల్లకే, నడిచే వీలు లేనిదీ ఆమెకే. ఆ ముప్పావు గంట ఇల్లు చూసుకోవడానికి ఇంట్లో మగవారు ముందుకు రావాలి. పార్కు దూరమైతే మేడ మీద నడిచినా నడకే.

రంజాన్ ఎలాగూ వస్తుంది, అప్పుడు తగ్గుదామనుకునే వారున్నారు. రోజా ఇబాదత్ కోసం. దాన్ని బరువు తగ్గే ఉపాయం చేసుకోవడం మాకు నచ్చదు. పైగా పగలంతా పస్తుండి, ఇఫ్తార్‌లో సమోసాలు, షర్బత్, ఆ పైన హలీమ్ తీసుకుంటే తగ్గేదేముంది? కాస్త తగ్గినా ఈద్ తరవాత కొద్ది వారాల్లోనే తిరిగి వస్తుంది. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు రంజాన్‌కు నెలా రెండు నెలల ముందే వైద్యుణ్ణి కలవాలి. మోతాదు మార్చకుండా తిండి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మామూలు రోజుల్లో బరువు తగ్గదలచినా వారికి ఇదే జాగ్రత్త.

2025లో మన దేశంలోకి వచ్చిన మౌంజారో ఇంజక్షన్ గురించి కూడా కొందరు అడుగుతున్నారు. అది వైద్యుడు రాసి ఇవ్వవలసిన మందు, పొరుగింటివారు చెప్పారని కొనేది కాదు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, నాలుగు వారాలు గడిచాక గాని పెంచరు. అంత ఖరీదైన మందుకే తొందర లేదు.

మేము చెప్పిన ఆ అమ్మాయి ఇప్పుడు వైద్యురాలి సలహాతో మళ్లీ మొదలుపెట్టింది. ఐదు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గింది. పూట తప్పకుండా తింటోంది. రోజూ తూకం ఎక్కి దిగులుపడటం మానేసి, వారానికి ఒక్కసారి, జుమా నాడు పొద్దున చూసుకుంటోంది. కొన్ని వారాలు ముల్లు కదలదట. ఆ వారం కూడా నడక మానలేదని వాళ్లమ్మ చెప్పింది.