అనర్గళమైన తలుపులు

‘అనర్గళం’ అన్న మాటను మనం పొగడ్తగానే వాడుతాం. ఫలానా వక్త అనర్గళంగా ప్రసంగించాడంటే ఆగకుండా, తడబడకుండా మాట్లాడాడని భావం. పదాన్ని విడదీస్తే అసలు అర్థం బయటపడుతుంది. అర్గళమంటే తలుపు గడియ. అది లేనిది అనర్గళం. నోటికి గడియ లేకపోవడం వక్తకు శోభే కావచ్చు గానీ, ఇంటికి గడియ లేకపోవడం ఏ గృహస్థుకూ శోభ కాదు.

మా మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో ఈ మధ్య కట్టిన ఇళ్ళను చూసినప్పుడల్లా నాకీ మాటే స్ఫురిస్తోంది. వీధి వాకిలికి టేకు ద్వారబంధం, ఇత్తడి గొళ్ళెం, బరువైన తాళం అన్నీ ఉంటాయి. హాలు దాటి వెనక్కి వెళితే పెరటివైపు గోడంతా అద్దమే. ఆ అద్దానికి కాపలా చిటికెన వేలంత కొక్కెం. వీటిని స్లైడింగు డోర్లంటున్నారు. ‘జారుడు తలుపులు’ అన్న అనువాదం నాకు రుచించలేదు. తలుపు తనంతట తాను జారదు, మనం జరిపితే జరుగుతుంది. అందుచేత ‘జరుపుడు తలుపు’ అంటాను. ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను.

నేనీ తలుపులకు విరోధిని కాను. రెక్క తెరుచుకోవడానికి చోటు అక్కరలేదు, వెలుతురు ధారాళంగా వస్తుంది, సాయంత్రం పూట గాలి ఇల్లంతా తిరుగుతుంది. నా వాదన ఒక్కటే. ఈ తలుపు పెట్టించేవారు అద్దం ఎంత వెడల్పుండాలో నిర్ణయించడానికి ముందే గడియ సంగతి తేల్చుకోవాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. డబ్బంతా అద్దానికి పోసి, గడియను పనివాడి దయకు వదిలేస్తున్నాం.

మన పెద్దలు ఈ విషయంలో పొరబడలేదు. సంస్కృత కావ్యాల్లో వీరుని వర్ణిస్తూ వక్షాన్ని కవాటంతోనూ, బాహువులను పరిఘలతోనూ పోల్చడం పరిపాటి. కవాటం తలుపు రెక్క, పరిఘ దానికి అడ్డంగా వేసే ఇనుప దూలం. ఎంత విశాలమైన వక్షమున్నా చేతులు లేనివాడు యుద్ధం చేయలేడు గదా! మా వైపు పాత ఇళ్ళ సంగతీ అంతే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకూ (దానికే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు) మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే. అందుకే మా పాత మిద్దెల్లో సీమ పోలికలు కనిపిస్తాయి. దళసరి గోడలు, చిన్న కిటికీలు, తలుపు వెనుక గోడలోని బెజ్జంలోకి తోసే గడియమాను. ఆ గడియమాను భారమంతా గోడే మోసేది. బయటివాడు తలుపును తోస్తే గోడను తోసినట్టే.

జరుపుడు తలుపు స్వభావం వేరు. దానికి మడతబందులుండవు. కింద పట్టా మీద చిన్న చక్రాలతో నిలబడి, పై పట్టాలో తల దూర్చి ఉంటుంది. దాన్ని బిగించేటప్పుడు పనివాడు రెక్కను ముందుగా పై పట్టాలోకి ఎత్తి, తరువాత కింది పట్టా మీదికి దించుతాడు. అంటే పైన ఎంతో కొంత ఖాళీ ఉండితీరాలి. ఆ ఖాళీని అలాగే వదిలేస్తే, బిగించిన దారినే రెక్కను మళ్ళీ ఊడదీయవచ్చు. కొక్కెం ఎంత గట్టిదైనా అప్పుడది పనికిరాదు. కాబట్టి బిగించిన తరువాత పై పట్టాలో రెక్క లేవకుండా అడ్డుబిళ్ళలు పెట్టించాలి. పరీక్ష చాలా సులువు. తలుపు మూసి, గడియ వేసి, పనివాణ్ణి రెండు చేతులా రెక్కను పైకెత్తి చూడమనండి. అది పట్టా వదిలి లేస్తే పని పూర్తి కాలేదన్నమాట. డబ్బు లెక్క తేల్చేముందే ఈ పరీక్ష జరగాలి.

రెండవది అడ్డకర్ర. మూసిన రెక్క వెనుక పట్టాలో సరిగ్గా సరిపోయే కర్రనో, అల్యూమినియం గొట్టాన్నో పడుకోబెడితే రెక్క వెనక్కి జరగదు. గడియమానుకు ఇది చిన్న తమ్ముడు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. జరిగే రెక్క లోపలి పట్టా మీద నడిచేదైతేనే కర్ర ఇంట్లో ఉంటుంది. బయటి పట్టా మీద నడిచేదైతే కర్ర పెట్టవలసిన చోటు కూడా బయటే! రెండు రెక్కలూ జరిగే రకమైతే ఒక కర్ర చాలదు, బయటి రెక్కకు లోపలి నుంచి వేరే గడియ ఉండాలి. ఇవన్నీ ఆర్డరు ఇచ్చేటప్పుడే అడగవలసినవి. తలుపు గోడకెక్కాక అడిగితే అప్పటికే ఆలస్యం.

ఈ తరహా తలుపులను శతాబ్దాలుగా వాడినవారు జపానువారు. వారి ‘షోజి’ తలుపులు సన్నని కొయ్యచట్రానికి కాగితం అంటించినవి. వాటినీ పై గాడిలోకి ఎత్తి కింది గాడిలోకి దించుతారు. మరి కాగితపు తలుపులు పెట్టుకుని వారెలా నిద్రపోయారు? బయటివైపు ‘అమాదొ’ అనే కొయ్యపలకల తలుపులుండేవి, రాత్రివేళా గాలివానలోనూ వాటిని మూసేవారు. పగటికొక తలుపు, రాత్రికొక తలుపు. మనం మాత్రం పగటి తలుపునే తెచ్చుకుని రాత్రికి కూడా అదే చాలుననుకుంటున్నాం.

ఇక అద్దం మాట. టఫెన్డు గ్లాసంటే పగలదని చాలామంది నమ్మకం. మామూలు అద్దాన్ని బాగా కాచి, చప్పున చల్లారిస్తే అది తయారవుతుంది. మామూలుదానికి సుమారు నాలుగు రెట్లు దృఢం. పగిలితే కత్తుల్లాంటి పెంకులు కాక చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. పిల్లలున్న ఇంటికి అది గొప్ప మేలే. కానీ రాలడమంటూ జరిగితే మొత్తం రాలిపోయి వాకిలి బార్లా తెరుచుకుంటుంది. లామినేటెడ్ అద్దంలో రెండు పలకల నడుమ పలుచని పొర ఉంటుంది. పగిలినా పెంకులు ఆ పొరకు అంటుకుని నిలుస్తాయి. కనుక గాయాల భయానికి మొదటిది, దొంగభయానికి రెండవది. ఏది కొన్నా అద్దం మూలన ఐ.ఎస్. 2553 గుర్తు ఉందో లేదో చూడండి. టఫెన్డు అద్దాన్ని తయారైన తరువాత కోయడం కుదరదు, అందుకని కొలతలు ముందే సరిచూసుకోవాలి.

చట్రం యు.పి.వి.సి.దైతే లోపల జింకుపూత వేసిన ఉక్కు ఉందా, గడియ మరలు ఆ ఉక్కులోకి దిగాయా అని అడగండి. అల్యూమినియమైతే ఎండకు కాగిపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళు మావి. పడమట నల్లమల కనిపిస్తుందని చాలామంది పడమటి గోడకే అద్దం పెట్టిస్తున్నారు. కొండ చూపు ఎంతసేపు? సాయంత్రం పావుగంట. మధ్యాహ్నపు ఎండ మాత్రం మూడు నాలుగు గంటలు కూర్చుంటుంది. ఉత్తరపు గోడ ఖాళీగా ఉంటే అదే మేలు. పడమట తప్పకపోతే ముందు వెడల్పైన వసారా దించాలి.

పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో దుమ్ముకు కొదవ లేదు. పట్టాలో దుమ్ము పేరుకుంటే చక్రాలు అరుగుతాయి, రెక్క చివరిదాకా రాదు, కొక్కెం పట్టుకోదు. వాననీరు పోయే బెజ్జాలూ పూడిపోతాయి. వారానికొకసారి చీపురుతో పట్టా ఊడవడం కూడా ఇంటి కాపలాలో భాగమే.

ఇంత వివరంగా రాయడానికి కారణముంది. ఈ ఇళ్ళలో చాలావాటిలో ఉంటున్నది అరవై దాటిన దంపతులు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉండి డబ్బు పంపి, ఫోనులో చూసి తలుపుల రంగు ఎంచుతున్నారు. వేసవి రాత్రి కరెంటు పోతే ఆ దంపతులకు రెండే దారులు. తలుపు తెరిస్తే భయం, మూస్తే ఉక్క. అందుచేత జరుపుడు తలుపు వెనుక ఇనుప కటకటాల తలుపు, దోమల జాలీ విలాసాలు కావంటాను. అద్దం తెరిచి కటకటాలు మూసుకుని పడుకోగలిగితేనే ఆ తలుపు మా వాతావరణానికి తగినది.

కటకటాలు పెట్టించి లోపల తాళం వేసి, తాళంచెవిని బీరువాలో దాచేవారున్నారు. ఇది మరో ప్రమాదం. గ్యాసు వాసన వచ్చినా, కరెంటు తీగ అంటుకున్నా, అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినా ఆ తాళమే శత్రువు. లోపలివారికి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి, బయటివారి చెయ్యి మాత్రం గడియకు అందకూడదు. కటకటాల గడియ చుట్టూ రేకు డబ్బా కట్టించి ఈ రెండింటినీ మా ఊరి వెల్డింగు పనివాళ్ళే కుదర్చగలరు. ఒక వాకిలికి మారు తాళంచెవిని నమ్మకమైన పొరుగింట ఉంచడం కూడా అవసరమే.

దూరాన ఉండి తల్లిదండ్రులకు ఇల్లు కట్టిస్తున్న మిత్రులకు నా మనవి ఇది. అద్దం రంగు, పట్టా తీరు మీకు నచ్చినట్టే ఎంచుకోండి. గృహప్రవేశానికి వచ్చినప్పుడు మాత్రం ఒక రాత్రి దీపాలార్పి, ఆ చీకటిలో మీ అమ్మగారిని ప్రతి తలుపూ మూయమనండి, మళ్ళీ తెరవమనండి. ఆమె చేతికి లొంగని గడియ ఎంత ఖరీదైనదైనా మార్పించవలసిందే.