థైరాయిడ్ వైద్యంలో నర్సుకూ అధికారం కావాలి

థైరాయిడ్ హార్మోను తగ్గితే వాడే మందు కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. పరగడుపున ఒక చిన్న మాత్ర, అప్పుడప్పుడూ ఒక రక్తపరీక్ష, అంతే. ఇంత తేలికైన వైద్యం కూడా మన దగ్గర గాడిలో పడలేదు. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో 5,360 మందిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి ఈ లోపం కనిపించింది. వాళ్లలో సుమారు మూడో వంతు మందికి తమకు జబ్బు ఉన్న సంగతే తెలియదు. తెలిసినవాళ్లలోనూ నాలుగో వంతుకు పైగా మందికి, థైరాయిడ్ హార్మోను తగ్గినప్పుడు రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ ఎక్కువగానే ఉంది. అంటే కొందరి జబ్బు ఎవరి కంటా పడలేదు, కొందరికి మందుల చీటీ చేతికొచ్చినా జబ్బు లొంగలేదు. స్పెషలిస్టులను పెంచినంత మాత్రాన ఈ రెండు లోటులూ తీరవు. రోగికీ చీటీకీ మధ్య నిలబడేది నర్సు. జబ్బును అనుమానించడం, పరీక్షకు పంపడం, మాత్ర వాడకాన్ని సరిదిద్దడం ఆమె అధికారమని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి.

ఈ జబ్బు తొందరగా బయటపడదు. నీరసం, ఒళ్లు బరువెక్కడం, మలబద్ధకం, జుట్టు రాలడం, నెలసరిలో అధిక రక్తస్రావం అన్నీ ఇంటి చాకిరీ ఖాతాలోనో వయసు ఖాతాలోనో పడిపోతాయి. కిక్కిరిసిన ఓపీలో డాక్టరుకు వీటన్నిటినీ కలిపి చూసే తీరిక దొరకదు. బరువు చూసి, నాడి పట్టి, బీపీ పట్టీ కట్టే సిస్టర్‌కు ఆ ఆధారాలన్నీ ఒకేచోట దొరుకుతాయి. చర్మం చల్లగా, గరుకుగా తగులుతుంది. నాడి నెమ్మదిస్తుంది, గొంతు బొంగురుపోతుంది. హార్మోను ఎక్కువైతే దీనికి తలకిందులు. బాగా తింటున్నా మనిషి చిక్కిపోతుంది, గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటతో వెచ్చగా ఉంటాయి. చేతులు ముందుకు చాపమని వేళ్ల మీద ఒక కాగితం పరిస్తే దాని అంచు సన్నగా వణుకుతుంది. ఇలాంటి రెండు మూడు లక్షణాలు కలిసి కనిపిస్తే టీఎస్‌హెచ్ పరీక్షకు తానే రాసే అనుమతి ఆమెకు ఉండాలి.

మాత్ర వాడకంలో ఆమె అవసరం ఇంకా ఎక్కువ. హార్మోను లోపానికి వాడే లెవోథైరాక్సిన్‌ను ఖాళీ కడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకీ టిఫిన్‌కీ కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణికి ఆ ఐరన్, కాల్షియం అందించేది ఏఎన్ఎమ్మే. మూడూ పొద్దున్నే ఒక్కసారిగా మింగేస్తే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారమైన తొలి నెలల్లో ఈ పొరపాటు జరగడం ఎంత నష్టం! టీఎస్‌హెచ్ దిగలేదని డాక్టరు మోతాదు పెంచుతూ పోతారు. ‘పొద్దున లేవగానే ఏయే మాత్రలు వేసుకుంటున్నావమ్మా?’ అని అడిగితే అసలు కారణం తెలిసిపోతుంది. రిపోర్టు నార్మల్ వచ్చిందని మాత్ర మానేసేవాళ్లకూ, జుట్టు కోసం వాడే బయోటిన్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేస్తుందని తెలియనివాళ్లకూ చెప్పేవాళ్లు కావాలి. హార్మోను ఎక్కువై కార్బిమజోల్ వాడేవాళ్లకు జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. ఆ హెచ్చరిక అందకపోతే ప్రాణాల మీదికొస్తుంది.

రోగనిర్ధారణ డాక్టరు పని కదా అంటారు. నిజమే, మోతాదు నిర్ణయం డాక్టరు దగ్గరే ఉండాలి. కానీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు బీపీ, షుగర్ రోగులను ఇప్పటికే చూస్తున్నారు. థైరాయిడ్ అంతకన్నా కష్టమైనదేమీ కాదు. పనిభారం గురించిన అభ్యంతరం న్యాయమైనది. పోస్టులు నింపకుండా ఉన్న సిస్టర్ల నెత్తిన ఇంకో రిజిస్టరు పెట్టడాన్ని నేను సమర్థించను. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం అతివైద్యం. దక్షిణ కొరియాలో ఆరోగ్యవంతుల మెడలకూ స్కాన్లు తీయడంతో థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993 నుంచి 2011కి 15 రెట్లు పెరిగాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. 65 ఏళ్లు దాటి, టీఎస్‌హెచ్ స్వల్పంగా పెరిగిన 737 మందిపై జరిపి 2017లో వెల్లడించిన అధ్యయనంలో లెవోథైరాక్సిన్ మాత్రతో లక్షణాలేమీ తగ్గలేదు. అందుకే ఊరంతటికీ పరీక్షలు చేయమనడం లేదు. లక్షణాలున్నవాళ్లు, ముప్పు ఎక్కువున్న గర్భిణులు, ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లు చాలు. ఆ వడపోతకు నిమిషాలు వెచ్చించి ప్రశ్నలడిగే మనిషి కావాలి. ప్యాకేజీలు అమ్మే ల్యాబుల చేతిలో ఆ పని పెట్టకూడదు.

ఒక్క చోట మాత్రం వడపోత పనికిరాదు, అది ప్రసూతి వార్డు. ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 1,100 మంది శిశువుల్లో ఒకరికి పుట్టుకతోనే ఈ లోపం ఉంటుంది. పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది. రెండు వారాల్లోపు మందు మొదలుపెడితే మెదడు కాపాడుకోగలం, ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు. రెండో రోజో మూడో రోజో మడమ నుంచి తీసే నాలుగు రక్తపు చుక్కలతో ఇది తేలుతుంది. కేరళ ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి కాన్పుకూ దీన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు రావాలి. రక్తం తీసే నర్సు ఎవరో, ఫలితం తేడాగా వస్తే అదే రోజు ఆ తల్లికి ఫోన్ చేయాల్సింది ఎవరో అందులో స్పష్టంగా రాయాలి.