బైబిలు అట్ట లోపల

అట్ట ఊడిపోతే పాత చీర అంచుతో కుట్టిన తెలుగు బైబిలు అది. జహీరాబాదులో మా స్నేహితురాలు పోయిన ఎండకాలం దాన్ని సందూకులోంచి తీసి మా నడుమ పెట్టింది. ఆమె అమ్మమ్మది. అట్టకీ ఆదికాండానికీ మధ్య ఉన్న రెండు తెల్ల కాగితాల మీద మూడు రంగుల సిరాతో, మూడు చేతుల రాత. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరి బాప్తిస్మం ఎక్కడ జరిగింది, ఏ ఏడు బావి ఎండింది, ఏ ఏడు కోడెల జత కొన్నారు. ఒక బిడ్డ పేరు కింద పుట్టిన తేదీ, ఆ కిందనే పదకొండు రోజులకు పోయిన తేదీ. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఏటా మే నెలలో మేం ఐదుగురం ఆ ఇంట్లో కలుస్తాం. ఒకరు పదవీ విరమణ చేసిన టీచరు, ఒకరు నర్సు, ఒకరు పల్లె సంఘాన్ని చూసుకునే అయ్యగారు, ఇంకొకరు రైతు. ఐదో మనిషిని నేను. రంజన్లో నీళ్లు, జొన్నరొట్టె, కొత్త మామిడికాయ తొక్కు. మధ్యాహ్నం ఎర్రమట్టి నేల మీద కాలు పెట్టలేం కాబట్టి, పొద్దు వాలేదాకా మాటలే. ఫలానాది మాట్లాడుకుందామని కూర్చునేది ఉండదు. ఆ రోజు మాత్రం ఆ రెండు కాగితాల దగ్గరే సాయంత్రం దాకా ఆగిపోయాం.

అమ్మమ్మ నల్లగొండ బిడ్డ. అక్కడ అమెరికన్ బాప్టిస్టుల మిషను ఉండేది. ఆమెకు బాప్తిస్మం చెరువులో, నిండా మునిగి. పెళ్లయి జహీరాబాదు దిక్కు వచ్చాక ఆమె సంఘం మెథడిస్టు. ఆమె పిల్లలకు బాప్తిస్మం చంకలో ఉండగానే, నెత్తి మీద చిలకరించిన నీళ్లతో. చిన్న కూతుర్ని మెదక్ ఇచ్చారు. ఆమె సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం. ఒక్క కాగితం మీద, ఒక్క ఇంటివాళ్లవి, మూడు సంఘాలు.

‘మీది ఏ సంఘం’ అని అడిగితే మనం చెప్పే జవాబు వెనక, చాలా ఇళ్లలో, సిద్ధాంతం కన్నా తాలూకా ఉంటుంది. మిషన్లు ఒకరి ప్రాంతంలోకి ఒకరు రాకూడదని ఒప్పందాలు చేసుకుని నేలను పంచుకున్నాయి. 1842లో మిషనరీ హయ్యర్ వచ్చి దిగిన గుంటూరు లూథరన్లది. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులవి. డోర్నకల్ ఆంగ్లికన్లది. మెదక్ ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులది, బీదరు, వికారాబాదు అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టులవి. జహీరాబాదు 1956 దాకా బీదరు జిల్లాలో తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో అది మెదక్ జిల్లాలో చేరింది. కచేరీ కాగితాలు మారాయి, సంఘాలు మాత్రం పాత మిషను వరసలోనే ఉండిపోయాయి. మెదక్ మెథడిస్టులకూ ఇక్కడి మెథడిస్టులకూ మూలపురుషుడు జాన్ వెస్లీయే. అయినా 1947లో వాళ్లు ఒక దారిన, వీళ్లు ఒక దారిన పోయారు.

ఆ 1947 వెనక కూడా ఒక ఎండకాలం ఉంది. 1919 మే మొదటి రెండు రోజులు తరంగంబాడిలో, సముద్రం ఒడ్డున, కొందరు సంఘ సేవకులు కలిశారు. మనదేశపు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు, డోర్నకల్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య వాళ్లలో ముఖ్యుడు. అక్కడ సంతకాలు చేసిన ముప్ఫై ముగ్గురిలో ఇద్దరు తప్ప అందరూ ఈ నేల మనుషులే. మమ్మల్ని విడదీసిన గోడలు మేం కట్టినవి కావు, బయటి నుంచి వచ్చినవి అని వాళ్లు చెప్పుకున్నారు. అక్కడి నుంచి ఇరవై ఎనిమిదేళ్లు ఉత్తరాలు, కమిటీలు, అలకలు, సవరణలు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రల్లో ఆంగ్లికన్లు, ఇంగ్లండు మెథడిస్టులు, 1908లోనే కలిసిన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు ఒక్కటై దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. బిషప్పులున్న సంఘమూ బిషప్పులు లేని సంఘమూ ఒకే కప్పు కిందికి రావడం ప్రపంచమంతా చూసిన సంగతి. అజరయ్య చూడలేదు. 1945 జనవరి 1నే కన్నుమూశారు.

బయట మిగిలినవాళ్లూ ఉన్నారు. బాప్టిస్టులు రాలేదు, లూథరన్లు రాలేదు, నంద్యాల ఆంగ్లికన్లు చాలా ఏళ్లు దూరంగానే ఉన్నారు. అమెరికన్ మెథడిస్టులు రాలేదు. 1970లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడేటప్పుడు చివరి నెలల్లో వెనక్కి తగ్గారు. 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా తమ కాళ్ల మీద తాము నిలబడ్డారు. జహీరాబాదులో మా స్నేహితురాలు ఆదివారం వెళ్లే గుడి కథ ఇదే.

ఇదంతా అచ్చులో దొరుకుతుంది. తేదీలు, తీర్మానాలు, సంతకాలు, బిషప్పుల ఫొటోలు ఉన్నాయి. ఆ సాయంత్రం మా నర్సు అడిగిన ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు: “చెర్ల మునిగిన పిల్ల, ఈడికొచ్చి, చంటిపిల్లల నెత్తి మీద నీళ్లు చల్లుడు చూసి ఏమనుకున్నదో? మొదటిపాలి ఈడ ప్రభువు బల్ల కాడికి పోయినప్పుడు ఆమెను రానిచ్చిన్రా, ఆగమన్నరా?”

ఎవరూ మాట్లాడలేదు. మనవరాలికీ తెలియదు. సంఘాల ఐక్యత అని మనం ఇన్నేళ్లుగా రాస్తున్నది పెద్దమనుషులు చేసుకున్న ఒప్పందాల చరిత్ర. అంతకు ముందు నుంచీ, ఆ ఒప్పందాల కోసం ఆగకుండా, కోడళ్లుగా వచ్చిన ఆడవాళ్లు ఒక సంఘంలోంచి ఇంకో సంఘంలోకి నడిచారు. కీర్తనలు మోసుకొచ్చారు, అలవాట్లు మార్చుకున్నారు, కొన్నిటిని మార్చుకోకుండా దాచుకున్నారు. వాళ్ల దగ్గర ఉన్న చరిత్ర మద్రాసు రికార్డుల్లో లేదు. అది అట్టల లోపల రెండేసి వరుసలుగా ఆగిపోయింది.

మన సంఘాల్లో సొంత కథ చెప్పుకునే అలవాటు లేదని కాదు. సాక్ష్యం ఉంది. గృహకూటంలో లేచి నిలబడి, ఎదుట ఎవరున్నా జంకకుండా తన బతుకును నోటితో చెప్పే ఆడవాళ్లను చిన్నప్పటి నుంచి విన్నాను. మాట మీద అంత పట్టు నాకు ఏ సాహిత్య సభలోనూ కనపడలేదు. అయితే సాక్ష్యానికి ఒక బాట పడిపోయింది. రోగం వచ్చింది, ప్రార్థించాం, నయమైంది. అప్పు అయింది, కన్నీళ్లతో అడిగాం, తీరింది. నయం కాని రోగానికి, తీరని అప్పుకు, పదకొండు రోజుల బిడ్డకు ఆ బాటలో చోటు చాలదు. పొరుగు సంఘం గురించిన అనుమానానికీ, ఇష్టానికీ అసలే చోటు లేదు. ఆ మిగిలిపోయిన బతుకంతా రాతలోకి రావాలి.

“రాస్తే ఏమైతదో తెల్వదా?” అని రైతు అన్నాడు. కోపంగా అనలేదు. ఆయన చెప్పింది పాత భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. మాల మాదిగలు క్రైస్తవులైతే మన దగ్గర బీసీ-సీ. అందుకే ఎన్నో ఇళ్లలో బడి రిజిస్టరులో ఒక పేరు, బాప్తిస్మం రిజిస్టరులో ఇంకో పేరు. పిల్లల చదువు, కొలువు ఆ రెండు పేర్ల మధ్య వేలాడుతుంటే, సొంత కథ రాయమని అడగడం చిన్న సంగతి కాదు. మన మధ్య ఆత్మకథలు ఎందుకు తక్కువో మాట్లాడే విమర్శకులు ఈ ఉత్తర్వును కూడా ఒకసారి చదవాలి.

అయ్యగారు ఇంకో మాట ఎత్తారు, చాలాసేపు దాని మీదే నడిచింది. తరంగంబాడిలో చెప్పుకున్నది సగమే నిజమని ఆయన అభిప్రాయం. ఆంగ్లికను, బాప్టిస్టు, లూథరను అనే గోడలు ఓడల మీద వచ్చినవే. మరి మాల సంఘం, మాదిగ సంఘం? ఒకే ఊళ్లో, ఒకే మిషను కింద, రెండు వాడలకు రెండు గుళ్లు ఉన్నచోట్లు ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆ గోడ బయటి నుంచి రాలేదు. దాన్ని ఏ కతీడ్రల్లో ఏ తీర్మానమూ కూల్చలేదు. నేను ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తాను. తెలుగు నేల మీద క్రైస్తవ ఐక్యత గురించి రాసే ఎవరైనా ఈ మాట దగ్గర ఆగకుండా ముందుకు పోతే, ఆ రాత నేను నమ్మను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ అయిన ఇంట క్రైస్తవుడిగా పుట్టిన గుర్రం జాషువ ‘నా కథ’ అని తన బతుకును పద్యాల్లో చెప్పుకున్నారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందని గుర్తుంచుకునే మన ఇళ్లలో ‘నా కథ’ కూడా అంతగా చదివి ఉంటే బాగుండేది. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ తరాల వెంట ఈ దారిలోనే నడిచింది. అది నవల. నవల తెరిచిన తలుపులోంచి ఇంటివాళ్లు సొంత గొంతుతో బయటికి రావాలి.

మెదక్ పల్లె సంఘాల మీద పి.వై. లూకా, జాన్ కార్మన్ కలిసి రాసిన పరిశోధన 1968లోనే పుస్తకంగా వచ్చింది. ఓపికగా, మర్యాదగా రాసిన పుస్తకం. అందులో మన పెద్దలు ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు. ప్రశ్న వేసేవాళ్లు కారు.

ప్రశ్న వేసే పనికి ఎండకాలం కన్నా మంచి రుతువు లేదు. ఆడపిల్లలు తల్లిగారింటికి వస్తారు. వాళ్ల వెంట వేరువేరు సంఘాల పిల్లలు వస్తారు. పది రోజుల వీబీఎస్, అదే సెలవుల బైబిలు బడి, ఏ గుళ్లో పెడితే ఆ గుళ్లోకి వాడకట్టు పిల్లలంతా పోతారు, ఎవరిది ఏ సంఘమని గుమ్మం దగ్గర ఎవరూ అడగరు. చేతులు ఊపుతూ నేర్చుకున్న పాట సాయంత్రానికి మూడు సంఘాల ఇళ్లలో వినపడుతుంది. పెద్దవాళ్లకు అదే పని కీర్తనల పుస్తకం చేసింది. చౌధురి పురుషోత్తం (1803–1890) కట్టిన పాట పాడేటప్పుడు లూథరనూ బాప్టిస్టూ సీఎస్ఐ మనిషీ ఒకే చోట ఊపిరి తీసుకుంటారు. ఈస్టరు నాడు తెల్లవారక ముందే, చీకట్లో, ఊరి సంఘాలన్నీ ఒకే మైదానంలో నిలబడి పాడడం తెలుగు పట్టణాల్లో చాలామంది చూసే ఉంటారు. ఆ చీకట్లో పక్కన ఎవరున్నారో కనపడదు, గొంతు మాత్రం వినపడుతుంది. పొద్దు పొడిచాక ఎవరి గుడికి వాళ్లు పోతారు. ఆ పోవడం నాకు ప్రతి ఏడూ బాధగానే ఉంటుంది.

మాటను దాచుకునే పని ఈ నేలకు కొత్త కాదని టీచరు గుర్తు చేసింది. జహీరాబాదు పక్కనే మాచ్‌నూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 2008 అక్టోబరు 15న సంగం రేడియో మొదలుపెట్టారు. చాలామంది దళిత స్త్రీలు, బడి గడప ఎక్కనివాళ్లు. కొర్ర, సామ, జొన్న గురించి, వాన గురించి, మందుల గురించి, పాటల గురించి తమ యాసలో తామే మాట్లాడారు, తామే రికార్డు చేశారు. ఎవరో వచ్చి అడిగేదాకా ఆగలేదు. మైకు ముందు ఆ ఆడవాళ్లు చేసిన పనిని గుడి వరండాలో మనం ఎందుకు చేయకూడదన్నది ఆమె మాట.

ఆ మాట పట్టుకునే ఈ సంపాదకీయం రాస్తున్నాను. వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో నాలుగు పేజీలు ఇంటి రాతలకు. కవిత్వం కానక్కర్లేదు, నీతి ఉండనక్కర్లేదు. ఒక సంఘంలో పుట్టి ఇంకో సంఘంలో బతికినవాళ్లు, రెండు వాడల మధ్య పెళ్లి చేసుకున్నవాళ్లు, బల్ల దగ్గర ఒకప్పుడు ఆగిపోయినవాళ్లు, ఆగమని చెప్పి తరువాత బాధపడిన పెద్దలు కూడా రాయండి. మీ యాసలోనే రాయండి. పేరు అచ్చు వేయవద్దంటే వేయం. రిజిస్టరులోని ఏ పేరూ మాకు అక్కర్లేదు. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలకు చెప్పి రాయించండి.

ఆ సాయంత్రం పొద్దు వాలాక మా స్నేహితురాలు బైబిలు ముందు పేజీల్లో మిగిలిన ఖాళీ మీద తేదీ వేసి కలం పట్టుకుంది. ఒక వరుస రాయబోయి ఆగింది. “అమ్మమ్మ మునిగిన చెరువు ఏదో కూడ నాకు తెల్వదు” అంది. అమ్మమ్మ చెల్లెలు ఇంకా నల్లగొండ దిక్కు ఉంది, ఎనభై దాటింది. ఫోను కలిపింది. అవతల చాలాసేపు మోగింది. ముసలమ్మ ఎత్తింది. ఏం కావాలో విన్నది, కొంచెం ఆగింది.

“చెప్త గని బిడ్డా,” అన్నది, “రాసుకునేటందుకు కాయితం ఉన్నదా?”