దండనకు కొలత చప్పట్లు కావు



శిక్షను గూర్చి మాట్లాడే అర్హత న్యాయవాదులకే కాదు, ముప్పది యేండ్లకు పైగా చేత బెత్తము పట్టిన తెలుగు పండితునికీ కొంత ఉన్నదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉద్యోగి. ఆ విధంగా డెరిన్ హించ్ అనే వ్యాఖ్యాత సంగతి నాకు తెలియవచ్చింది. 1944లో న్యూజీలాండ్‌లో జన్మించి, ఆస్ట్రేలియా రేడియో, టెలివిజన్లలో దశాబ్దాల పాటు గొంతెత్తినవాడు. బాలలపై లైంగిక నేరాలు చేసినవారికి కఠిన శిక్షలు పడాలనీ, వారి పేర్లు బహిరంగ పట్టికలో ఉండాలనీ ఆయన వాదం. 2015లో తన పేరుతోనే జస్టిస్ పార్టీని స్థాపించి, 2016లో, 72వ యేట, విక్టోరియా రాష్ట్రం నుండి సెనేట్‌కు ఎన్నికైనాడు. 2019లో ఓడిపోయినాడు.

ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను. నమ్మినదాని కోసం చెరసాలకు పోయినవాడు. నా సందేహమంతా ఆయన ఎంచుకొన్న మార్గం మీదనే.

విచారణ జరుగవలసి ఉన్న ఒక మతాచార్యుని పాత నేరాన్ని రేడియోలో ప్రకటించి, 1987లో కోర్టు ధిక్కారం కింద జైలుకు వెళ్ళినాడు. పిల్లలను కాపాడాలన్నదే ఉద్దేశం. తరువాత ఆ మతాచార్యుడు దోషిగా తేలినాడు. కాని ఈ ప్రచారం వల్ల న్యాయమైన విచారణకు భంగం కలిగిందంటూ విక్టోరియా అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది! 1992లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం దానిని పునరుద్ధరించింది కాబట్టి సరిపోయింది. లేకుంటే, నేరస్థుని పట్టి ఇవ్వబోయిన గొంతే వానికి విడుదల పత్రమై ఉండేది.

2012లో మెల్‌బోర్న్‌లో, రాత్రివేళ ఇంటికి నడచిపోతున్న ఒక యువతిని ఒకడు చెరిచి చంపినాడు. వాడు అత్యాచారాలకు శిక్ష అనుభవిస్తూ పెరోల్‌పై బయటికి వచ్చినవాడు. ఆ పెరోల్ కాలంలోనే ఇంకొకరిని కొట్టిన కేసులో శిక్ష పడినా, అప్పీలు పేరుతో బెయిలు దొరికింది; పెరోల్ మాత్రం రద్దు కాలేదు. వాని నేరచరిత్రను ప్రచురించరాదన్న ఉత్తర్వును హించ్ ఉల్లంఘించి, లక్ష డాలర్ల జరిమానా కట్టక, 2014లో 50 దినాలు జైలులో ఉన్నాడు. ఆగ్రహం సహజమే. అయితే అక్కడ చిల్లు పడినది శిక్షల పట్టికకంటె పర్యవేక్షణలోనే ఎక్కువ. ఆ చిల్లును చూపినది 2013లో మాజీ న్యాయమూర్తి ఇయాన్ కాలినన్ జరిపిన సమీక్ష. ఆ తరువాతనే పెరోల్ నిబంధనలు గట్టిపడినవి.

సెనేటరుగా హించ్ పట్టుబట్టి సాధించినది ఒకటున్నది. నమోదైన బాలల లైంగిక నేరస్థులు విదేశాలకు పోకుండ పాస్‌పోర్టులు నిరాకరించే 2017 నాటి చట్టం. సభలో చర్చించి చేసినది. ఏ విచారణకూ హాని చేయనిది. అరుపు చేయలేని పని ఆలోచన చేసింది.

ఇక నా కథ. ఒకనాడు తరగతిలో ఒక పిల్లవాని కలం పోయింది. నలుబది గొంతులు ఒక్కని పేరే చెప్పినవి. వాడు పేదవాడు, లోగడ ఒకసారి దొంగతనం చేసినవాడు. నేను విచారించలేదు, కొట్టినాను. తరగతి సంతోషించింది. మూడవనాడు ఆ కలం పోగొట్టుకొన్నవాని ఇంట్లోనే దొరికింది. కొట్టుడుపడినవాడు మళ్ళీ బడికి రాలేదు. వాని పాత తప్పును అందరూ ఎరిగి ఉండడమే ఆనాడు నా కన్ను కప్పింది. జ్యూరీకి పాత నేరాలు తెలియనీయరాదన్న నియమం ఎందుకున్నదో నాకు ఏ న్యాయశాస్త్రమూ బోధించనక్కరలేదు.

2019 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు జనం పూలు చల్లినారు. 2022లో సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపినారని తేల్చింది. ఆ పూలు ఏ ఆడబిడ్డకు రక్షణ అయినవి?

కఠినదండనకూ మృదుదండనకూ నడుమ, అపరాధానికి తగిన దండననే కౌటిల్యుడు మెచ్చినాడు. ఆ తగుదనాన్ని కొలిచే త్రాసు జనసమ్మర్దంలో నిలువదు. వ్యాఖ్యాత చిల్లు చూపవచ్చు, చూపాలి కూడ. త్రాసును మాత్రం తాకరాదు.

కాదనేవారు వాదించండి. ఆనాడు ఆ పిల్లవాని మాట విననివాడను, ఇప్పుడైనా వింటాను.