సినిమా పట్నంలో, వెక్కిరింత పల్లెలో

ముక్తేశ్వరం: ఇక్కడి రేవులో పంటు ఎక్కి, కోటిపల్లి ఒడ్డున దిగి, కాకినాడకో హైదరాబాదుకో చదువులకు, కొలువులకు వెళ్లే యువతీయువకులకు పట్నంలో కొత్తగా ఎదురయ్యే వాటిలో ఒక రకం సినిమా ప్రదర్శన కూడా వుంది. దానికి గోడల మీద పోస్టర్లుండవు. టిక్కెట్ల దగ్గర తోపులాట వుండదు. ఒక చిన్న హాలు, ఒక తెర, కొన్ని కుర్చీలు. చూపించేది పురుషుని ప్రేమించిన పురుషుని కథో, స్త్రీని ప్రేమించిన స్త్రీ కథో, మగపిల్లవాడుగా పుట్టి ఆడపిల్లగా బతకదలచిన వారి కథో అయి వుంటుంది. ఆట అయ్యాక ప్రేక్షకులు వెంటనే లేచిపోరు. అక్కడే కూర్చుని చూసిన దాని గురించి మాట్లాడుకుంటారు. ఇలాంటి వారందరినీ కలిపి ఇంగ్లీషులో ‘క్వీర్’ అంటున్నారు. ఆ చిత్రాలకు ‘క్వీర్ సినిమా’ అన్న పేరు స్థిరపడింది.

ఇది పట్నం వాళ్ల సరదా, మనకేమిటి సంబంధం అనడం తేలిక. కాని లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషులుగా కాక ‘ఇతరులు’గా నమోదైన వారు దేశంలో సుమారు 4 లక్షల 88 వేల మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43 వేల పైచిలుకు. దేశం మొత్తం మీద వీరిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది గ్రామాల్లోనే వున్నారు. మనుషులు పల్లెల్లో వుండగా, వారి కష్టసుఖాలు చెప్పే చిత్రాలు పట్నాల్లో ఆడుతున్నాయి. పల్లెకు చేరుతున్నది చాలావరకు కామెడీ ట్రాకు మాత్రమే. తెర మీద నడుము తిప్పుతూ, చప్పట్లు చరుస్తూ వచ్చే పాత్రను చూసి నవ్విన కుర్రవాడు, మర్నాడు బడిలో మెత్తగా మాట్లాడే తోటి పిల్లవాణ్ణి అదే పేరు పెట్టి పిలుస్తాడు.

సొసైటీల చలవ

పట్నాల్లో ఈ ప్రదర్శనలు ఒక్కరోజులో వచ్చినవి కావు. 1947లో సత్యజిత్ రాయ్, మరికొందరు మిత్రులు కలిసి కలకత్తా ఫిలిం సొసైటీని నెలకొల్పారు. చందా కట్టిన సభ్యులకు, మామూలు హాళ్లలో ఆడని దేశ విదేశాల చిత్రాలను తెప్పించి చూపడం దాని పని. 1959లో ఇలాంటి సొసైటీలన్నిటికీ ఒక సమాఖ్య ఏర్పడింది. 1964లో పాత చిత్రాలను భద్రపరిచేందుకు పుణెలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ వెలిసింది. హైదరాబాద్ ఫిలిం క్లబ్ 1974లో మొదలైంది. పాత చిత్రాన్ని వెతికి తెచ్చి మళ్లీ చూపడం, చూసి చర్చించడం అన్న అలవాటు ఆ విధంగా పెరిగింది.

ఈ అలవాటు మన వారికి బొత్తిగా కొత్తదేమీ కాదు. 2022 ఆగస్టులో మహేష్‌బాబు పుట్టినరోజు సందర్భంగా ‘పోకిరి’ని అభిమానులు మళ్లీ థియేటర్లకు రప్పించారు. 2006 నాటి చిత్రం పదహారేళ్ల తరువాత హాళ్లు నింపింది. అడిగేవారుంటే పాత సినిమా తిరిగి వస్తుందన్న మాట.

క్వీర్ చిత్రాలకు ప్రత్యేకంగా ఉత్సవం జరపడం 1977లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. మనదేశంలో దారి అంత సాఫీగా లేదు. దీపా మెహతా తీసిన ‘ఫైర్’ 1998 చివర విడుదలైనప్పుడు ముంబయి, ఢిల్లీ థియేటర్లపై దాడులు జరిగాయి. చిత్రం మళ్లీ సెన్సారుకు వెళ్లి, 1999లో కోత లేకుండానే బయటకు వచ్చింది. శ్రీధర్ రంగాయన్ తీసిన ‘గులాబీ ఆయినా’కు 2003లో సెన్సారు సర్టిఫికెట్ దొరకలేదు. ఆయనే 2010లో ముంబయిలో ‘కశిష్’ చిత్రోత్సవాన్ని ప్రారంభించారు. కేంద్ర సమాచార, ప్రసార శాఖ అనుమతితో, మామూలు సినిమా హాలులోనే అది జరిగింది. బెంగుళూరు, చెన్నై నగరాలకు కూడా ఇలాంటి ఉత్సవాలున్నాయి. హైదరాబాదులో 2010లో బంజారాహిల్స్‌లో తెరచిన ‘లామకాన్’ వంటి చోట్ల ఈ చిత్రాలు, చర్చలు చోటుచేసుకుంటున్నాయి.

మారిన చట్టం

ఈలోగా చట్టం చాలా దూరం నడిచింది. హిజ్రాలను, ట్రాన్స్‌జెండర్లను మూడవ జెండర్‌గా గుర్తించాలని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి వుంటే అది నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న ప్రకటించింది. దాంతో 1860 నాటి 377వ సెక్షన్ ఆ మేరకు చెల్లకుండా పోయింది. అయితే స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వడానికి 2023 అక్టోబర్‌లో అదే కోర్టు నిరాకరించింది. ట్రాన్స్ మహిళ కూడా భర్త, అత్తమామల వేధింపులపై 498-ఎ సెక్షన్ కింద ఫిర్యాదు చేసుకోవచ్చునని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో స్పష్టం చేసింది. రాష్ట్రంలో వృద్ధులకు, వితంతువులకు మల్లే ట్రాన్స్‌జెండర్లకు కూడా పింఛను వుంది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు.

పింఛను ఊరికి చేరింది. ఆ మనిషిని ఎలా చూడాలన్న మాట మాత్రం ఇంకా చేరలేదు.

పెళ్లి చేస్తే సర్దుకుంటుందా?

పల్లెల్లో ఇలాంటి కొడుకో కూతురో వున్న ఇంట వినిపించే మాట ఒకటుంది: “పెళ్లి చేసెయ్యండి, అదే సర్దుకుంటుంది.” ఈ మాట ఖరీదు ఎంతో చూపిన చిత్రం 2023 నవంబర్‌లో మలయాళంలో వచ్చింది. పేరు ‘కాథల్’. జియో బేబీ దర్శకుడు. ‘స్వాతికిరణం’, ‘యాత్ర’ చిత్రాలతో మనవారికి తెలిసిన మమ్ముట్టి ఇందులో సహకార బ్యాంకులో పనిచేసి మానేసిన పెద్దమనిషి. ఊళ్లో మంచిపేరుంది. పంచాయతీ వార్డు ఉప ఎన్నికలో పోటీకి దిగుతాడు. అదే సమయంలో భార్య విడాకులకు కోర్టుకెక్కుతుంది. ఆ పాత్రధారిణి ‘చంద్రముఖి’ జ్యోతిక. భర్తకు ఇంకొక పురుషునిపై మనసుందని ఆమెకు తెలుసు. కొడుకు సంగతి తండ్రికీ తెలుసు. తెలిసే పెళ్లి చేశాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఇద్దరూ లోలోపల కుమిలారు.

ఈ కథలో నగరం లేదు. చర్చి, కోర్టు, పార్టీ కార్యకర్తలు, ఇంటింటి ప్రచారం, ఇరుగుపొరుగు మాటలు. చర్చికి బదులు గుడి పెడితే ఇది కోనసీమలో ఏ ఊళ్లోనైనా జరగగల కథ. కేరళ ప్రభుత్వం 2023 సంవత్సరానికి ఉత్తమ చిత్రం బహుమతి దీనికే ఇచ్చింది. ఇలాంటి సినిమాలు పిల్లలను చెడగొడతాయని భయపడే పెద్దలు ఒకటి గమనించాలి. ఈ కథలో నష్టపోయింది దాచిన కొడుకు ఒక్కడే కాదు, ఏ తప్పూ లేని కోడలు కూడా. ముహూర్తం పెట్టకముందు ఇలాంటి కథ ఒకటి చూసి వుంటే రెండు కుటుంబాలు ఆలోచించుకునే వీలుంటుంది.

రంగస్థలం నేర్పినది

తెలుగువారికి వేషం కొత్త కాదు. స్త్రీ పాత్రలతో పేరుపొందిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామగా వేదాంతం సత్యనారాయణశర్మను చూసి స్త్రీలే ముచ్చటపడ్డారు. తెరముందు చీర కట్టిన వారికి శాలువా కప్పిన సమాజం, తెరవెనుక కూడా అలాగే బతుకుతానన్న వారిని ఇంట్లోంచి పంపివేసింది. అలా వెళ్లిపోయినవారి మాట తెలుగులో చదవాలనుకునే వారికి రేవతి జీవితకథ వుంది. పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా అనువదించిన ఆ పుస్తకానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద బహుమతి లభించింది.

ఊరికి తెర తేవచ్చు

టెలివిజన్ రాక ముందు గోదావరి జిల్లాల పల్లెలకు టూరింగు టాకీసులు వచ్చేవి. ప్రభుత్వ ప్రచార వ్యాన్లు వీధిలో తెర కట్టి చిత్రాలు చూపేవి. ఇంట్లో పెద్దల ఎదుట ఎత్తడానికి సిగ్గుపడిన కుటుంబ నియంత్రణ మాటను ఎర్ర త్రికోణంతో సహా ఆ తెర మీదే చెప్పారు. అప్పుడు విన్న ఊరు ఇప్పుడు ఇదీ వినగలదు.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. సెన్సారు సర్టిఫికెట్ వున్న చిత్రాన్ని హక్కుదారుల అనుమతితో అమలాపురంలోనో, ముక్తేశ్వరంలోనో ఒక కళాశాల హాలులో చూపవచ్చు. రేవతి పుస్తకాన్ని శాఖా గ్రంథాలయాలకు తెప్పించవచ్చు. చర్చకు న్యాయం తెలిసిన వారిని, వైద్యులను, మాట్లాడడానికి ఇష్టపడితే ట్రాన్స్‌జెండర్లను పిలవవచ్చు. చర్చ పేరుతో ఊళ్లో ఎవరినీ వేలెత్తి చూపకుండా నిర్వాహకులు జాగ్రత్త వహించాలి. కళాశాలల యాజమాన్యాలు, గ్రంథాలయాల అధికారులు ఈ దిశగా ఆలోచించడం అవసరం. లేనిపక్షంలో ఆ పిల్లలు తమ కథను తెర మీద చూసుకోవడానికి పంటు ఎక్కి రేవు దాటవలసిందే. దాటిన వారందరూ తిరిగి వస్తున్నారా అన్నది వారి తల్లిదండ్రులకే తెలియాలి.