కడుపుతో ఉన్న పిల్ల మైక్రోవేవ్ దగ్గరకు పోవచ్చా?

కాన్పుకి పుట్టింటికొచ్చిన పిల్లని చాలా ఇళ్ళల్లో మైక్రోవేవ్ ఓవెన్ దరిదాపులకు రానివ్వరు. "దాంట్లోంచి కిరణాలొస్తాయి, బిడ్డకి మంచిది కాదు" అంటారు పెద్దవాళ్ళు. గుంటూరులోనైనా, నర్సరావుపేటలోనైనా, అద్దంకిలోనైనా ఇదే మాట. అందులో నిజమెంతో ఈ వారం చూద్దాం.

కిరణాలు అనగానే మనకి ఎక్స్‌రే గుర్తొస్తుంది. అది వేరు, ఇది వేరు. ఎక్స్‌రే ఒంట్లోని కణాలని దెబ్బతీయగలదు. అందుకే గర్భిణికి తప్పనిసరైతేనే తీస్తారు. ఓవెన్‌లోవి రేడియో తరంగాల జాతివి. సెకనుకి 245 కోట్ల సార్లు ఊగుతూ, పదార్థంలోని నీటిని కదిలించి వేడి పుట్టిస్తాయి. తలుపు తీసిన క్షణమే ఆగిపోతాయి. అన్నంలోగానీ, కూరలోగానీ ఏమీ మిగలవు.

లోపలి రేకు గోడలూ, తలుపు అద్దంలో ఉండే జల్లెడలాంటి రేకూ వాటిని బయటికి పోనివ్వవు. కాస్తో కూస్తో వచ్చినా దానికీ హద్దు పెట్టారు. అమెరికాలో 1971 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఓవెన్‌కి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు మించకూడదు. దూరం జరిగేకొద్దీ అదీ బాగా తగ్గిపోతుంది. కాబట్టి తలుపు సరిగ్గా పడే ఓవెన్‌ని గర్భిణి నిశ్చింతగా వాడుకోవచ్చు. తలుపు వంగినా, బందులు సడలినా మాత్రం బాగుచేయించేదాకా ఎవరూ వాడొద్దు. తలుపు అంచున కూర మరకలు అట్టకట్టకుండా తడిగుడ్డతో తుడుస్తుండండి.

అసలు జాగ్రత్త తిండి విషయంలో ఉండాలి. ఓవెన్ అన్ని వైపులా ఒకేలా వేడి చేయదు. అంచులు పొగలు కక్కుతున్నా నడుమ చల్లగానే ఉండొచ్చు. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. తల్లికి కాస్త జ్వరంలా వచ్చి పోయినా, కడుపులో బిడ్డ ప్రాణానికే ముప్పు తేవచ్చు. అందుకని నిన్నటి కూరని మూతపెట్టి, మధ్యలో ఒకసారి కలిపి, నడుమ కూడా పొగలొచ్చేదాకా, అంటే 74 డిగ్రీలదాకా వేడి చేయండి. రెండు నిమిషాలు ఆగి వడ్డించండి.

గాజు, పింగాణీ గిన్నెలు మేలు. స్టీలు గిన్నెలూ, ఐస్‌క్రీమ్ డబ్బాలూ వద్దు. గుడ్డు పెంకుతో పెడితే పేలుతుంది. ఎండుమిరపకాయలు అందులో వేయించొద్దు. తలుపు తీయగానే ఆ ఘాటుకి ఊపిరాడదు.

ఇంకో సంగతి. ఓవెన్ వద్దన్న ఆ పిల్లనే దొడ్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పత్తికట్టె ఎగదోస్తూ స్నానానికి నీళ్ళు కాచుకోమంటాం. పొయ్యి పొగ పీల్చే తల్లులకి బరువు తక్కువ బిడ్డలు, అంటే రెండున్నర కిలోలు కూడా లేని బిడ్డలు పుట్టే ప్రమాదం ఎక్కువని వైద్యులు చెబుతున్నారు. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలతో పేదిళ్ళకీ గ్యాసు వచ్చింది. అయినా నీళ్ళకి మాత్రం కట్టెలే పెడుతున్నాం. పత్తికి, మిరపకి పురుగుమందు కొట్టొచ్చిన బట్టలు కూడా ఆమె చేత ఉతికించకండి.

ఆ పిల్లని పొగ దగ్గర్నించి లేపండి. కూర వేడి చేసుకుంటానంటే ఓవెన్‌లో తననే పెట్టుకోనివ్వండి.