నికాహ్ ఇంటికి ఏ ఫ్లాష్?

కెమెరాతో రోజీ మొదలుపెట్టే మన వేటపాలెం నౌజవాన్ల సవాల్ ఒకటే: చిన్న ఫ్లాషా, స్టూడియో స్ట్రోబా? నా రాయ్ సాఫ్‌గా చెప్తాను: ముందు రెండు చిన్న ఫ్లాష్‌లు కొనండి.

తాఖత్ స్ట్రోబ్‌దే, ఇన్‌కార్ లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఖాందాన్ మొత్తాన్నీ నిలబెట్టి తీయాలంటే 400 వాట్-సెకన్ల స్ట్రోబే కావాలి. కానీ మన నికాహ్‌లు చాలావరకు ఇరుకు ఇళ్లలోనే కదా! స్టాండ్లు, సాఫ్ట్‌బాక్సులు, వాటిని మోసే ఇద్దరు కుర్రాళ్లు జనానాలోకి వస్తే దుల్హన్ బిగుసుకుపోతుంది, ఖాలాలు పక్కకి తప్పుకుంటారు. నాలుగు పెన్సిల్ బ్యాటరీల ఫ్లాష్‌తో ఒక ఆపా ఒక్కతే వెళ్తే పర్దా నిలుస్తుంది, ఫొటోలో నవ్వూ దొరుకుతుంది. రెండెందుకంటారా? "ఖుబూల్" అన్న క్షణం మళ్లీ రాదు. ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది.

ఒక షర్త్. ఫ్లాష్ సూటిగా మొహం మీద కొట్టకండి. జరీ తళుక్కుమంటుంది, మొహం పాలిపోతుంది. తెల్ల స్లాబు వైపు తిప్పండి. మగ్గాలున్న పాత పెంకుటిళ్లలో పైకప్పు వెలుగుని మింగేస్తుంది. అక్కడ తెల్ల అంబ్రెల్లా వాడండి.

స్ట్రోబ్ జరూరత్ పడిన రోజు కిరాయికి తెచ్చుకోవచ్చు. సూద్ మీద తెచ్చిన సామానులో బర్కత్ ఎక్కడిది?